సైటేషన్ టూల్స్‌లో పేజీ నంబర్: ఆటోమేటిక్ అంటే కరెక్ట్ అని కాదు

సైటేషన్ టూల్స్ మీద రివ్యూలు ఏవి చూసినా రెండే పొగడ్తలు: ఒక్క క్లిక్‌తో రిఫరెన్స్, వేల కొద్దీ స్టైల్స్. పేజీ నంబర్ ఊసు ఎవరూ ఎత్తరు. నా దృష్టిలో అసలు టెస్ట్ పెట్టాల్సింది అక్కడే.

పెడన కలంకారీ మీద ప్రాజెక్ట్ చేసే స్టూడెంట్‌నే తీసుకోండి. గార్డన్ మెకెంజీ 1883లో తెచ్చిన కృష్ణా జిల్లా మాన్యువల్‌ని స్కాన్ కాపీలో ఫోన్‌లోనే చదివేయొచ్చు. కానీ ఇలాంటి స్కాన్లలో అట్ట, ఖాళీ కాగితాలు, ముందుమాట అన్నీ లెక్కలోకి వస్తాయి. ఫైల్‌లో 60వ పేజీ మీద అచ్చులో 45 అని ఉండొచ్చు. పీడీఎఫ్‌లో 'పేజీ లేబుల్స్' ఉంటే టూల్‌కి ఆ తేడా తెలుస్తుంది. పాత స్కాన్లలో చాలావాటికి అవి ఉండవు. అప్పుడు టూల్ అంచనా వేస్తుంది, లేదా ఫైల్ లెక్కే తీసుకుంటుంది. ఏది చేసిందో మనకి మాత్రం చెప్పదు.

దాంతో నష్టమేంటి అంటారా? లైబ్రరీలో అచ్చు పుస్తకం తెరిచినవాళ్లకి 60వ పేజీలో ఆ విషయం కనిపించదు. టూల్‌ని ఎవరూ అనుమానించరు, రాసిన స్టూడెంట్‌నే అనుమానిస్తారు. అద్దకం పనివాళ్ల చరిత్రకి దొరికిన ఒక్క ఆధారం కూడా అలా చెల్లకుండా పోతుంది.

"లింక్ ఇస్తే చాలు, సెర్చ్ చేసుకుంటారు" అనేవాళ్లూ ఉన్నారు. పాత ఇంగ్లీష్ పుస్తకాల్లో మన ఊరు 'మసులిపటం'. మచిలీపట్నం అని కొడితే ఏం దొరుకుతుంది? పైగా స్కాన్‌లో ఓసీఆర్ అక్షరాలని తారుమారు చేస్తుంది.

ఈ విషయంలో జొటేరో కొంచెం నయం. 2022లో వచ్చిన జొటేరో 6 నుంచి పీడీఎఫ్ రీడర్ అందులోనే ఉంది. హైలైట్‌కి పడిన పేజీ నంబర్‌ని మనమే మార్చుకోవచ్చు. కానీ ఆ ఆప్షన్ వెతుక్కున్నవాళ్లకే కనిపిస్తుంది.

నా డిమాండ్ ఒక్కటే: నంబర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో టూల్ చెప్పాలి. "ఇది ఫైల్ లెక్క, అచ్చు నంబర్ చూసుకోండి" అని చిన్న గుర్తు చూపిస్తే చాలు. లొకేషన్ నంబర్లతోనే నడిచిన కిండిల్ కూడా 2011లో అచ్చు పేజీ నంబర్లు చూపించడం మొదలుపెట్టింది. అంటే ఇది కాని పనేం కాదు.

అప్పటిదాకా మొదటి హైలైట్ దగ్గరే ఆగి, కాగితం మీద అచ్చైన నంబర్‌ని టూల్ వేసిన నంబర్‌తో పోల్చి చూడండి. పది సెకన్ల పని.