ఫోన్ ఇంట్లో ఉంది, బిడ్డ చేతిలో లేదు

డిజిటల్ అంతరం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే లెక్క ఎన్ని ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉందన్నదే. ఆ లెక్కలో దేశం వేగంగానే ముందుకు సాగింది. గ్రామీణ విద్యపై వెలువడే ‘అసర్’ నివేదికల ప్రకారం, బడిలో చేరిన పిల్లల్లో ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు 2018లో 36.5 శాతం, 2021 నాటికి 67.6 శాతం. అయితే అదే 2021 నివేదికలో మరో అంకె ఉంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నా, దాదాపు 26 శాతం పిల్లలకు దాన్ని వాడుకునే వీలే లేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. చాలా ఇళ్లలో ఉన్నది ఒకటే ఫోన్. అది పొద్దున్నే పెద్దవాళ్లతో పాటు పనికి వెళ్లి, చీకటి పడ్డాక ఇంటికి వస్తుంది. అప్పటికి డేటా మిగిలి ఉండాలి. ఇద్దరు పిల్లలుంటే వంతులు వేసుకోవాలి. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. టీవీ పాఠం ఇంటర్నెట్ లేని ఇంటికీ చేరుతుంది. కానీ అర్థంకాని చోట ఆపి అడుగుదామంటే అవతల మనిషి ఉండరు.

ఆ మనిషి ఎంత అవసరమో ఆఫ్రికా దేశమైన బోట్స్వానాలో జరిగిన ఒక ప్రయోగం చూపింది. దాని ఫలితాలు 2022లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వచ్చాయి. కోవిడ్ కాలంలో సుమారు 4,500 కుటుంబాలను యాదృచ్ఛికంగా వర్గాలుగా విడదీశారు. కొందరికి వారం వారం లెక్కలను ఎస్సెమ్మెస్‌లో పంపారు. మరికొందరికి ఎస్సెమ్మెస్‌తో పాటు ఫోన్ చేసి, తల్లిదండ్రుల సమక్షంలో బిడ్డచేత లెక్క చేయించారు. ఎస్సెమ్మెస్ మాత్రమే అందినవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఫోన్ కాల్ అందినవారు మెరుగయ్యారు. ఇందుకు మామూలు ఫోనే సరిపోయింది. తర్వాత భారత్, నేపాల్ సహా ఐదు దేశాల్లో జరిగిన ప్రయోగాల్లోనూ ఫోన్ బోధన మేలు చేసింది.

చదువురాని తల్లిదండ్రులు ఏం సాయం చేయగలరన్న సందేహానికీ జవాబుంది. ఐదో తరగతి దాటని తల్లిదండ్రుల పిల్లల్లోనూ సగానికి పైగా ఇంట్లో ఎవరో ఒకరి సాయం పొందుతున్నారని 2020 అసర్ తెలిపింది. ఆ ఇళ్లలో తపన ఉంది, దారి చూపేవారే కరువు.

నేడు చాలా బడుల కబుర్లు వాట్సాప్ గ్రూపులోకి చేరాయి. హోంవర్క్ పీడీఎఫ్‌గా వస్తుంది. చదవలేని తల్లికి అది ఎస్సెమ్మెస్ లాంటిదే. దాని బదులు వారానికోసారి, ఆమె ఇంట్లో ఉండే వేళలో, ఆమె భాషలో పది నిమిషాల ఫోన్ కాల్ రావాలి. బిడ్డచేత పాఠాన్ని కథగా చెప్పించుకోవడం, కిరాణా లెక్క చేయించడం లాంటి చిన్న పని అప్పగించాలి. ఇది ఉపాధ్యాయులకు అదనపు భారమే. అందుకే ఆ సమయాన్ని పనిగంటల్లో లెక్కించాలి, ఖర్చు ప్రభుత్వం భరించాలి.

ఫోన్ కాల్ బడికి ప్రత్యామ్నాయం కాదు. ఇంటర్నెట్ అందించే బాధ్యత నుంచి ప్రభుత్వాలకు అది మినహాయింపూ ఇవ్వదు. కానీ పరికరాలను లెక్కపెట్టి అంతరం తగ్గిందనుకుంటే, పేదింటి తల్లిదండ్రులు ఆ లెక్క బయటే ఉండిపోతారు.