గోలీలు సరే, మాట్లాడెటందుకు మనిషేడి?

హెచ్‌ఐవీ అంటే వయసు పోరల రోగమనే ఇంకా అనుకుంటున్నం. 2004 ఏప్రిల్ సంది సర్కారు దవాఖానల్ల పైస లేకుండ ఏఆర్‌టీ గోలీలు ఇయ్యవట్టిండ్రు. వాటితోని బతికినోళ్లు ఇప్పుడు ముసలోళ్లయితున్నరు. నాకు తెలిసిన ఒక పెద్దమ్మ ఉన్నది. ఊరు, పేరు చెప్ప. పెనిమిటి గదే రోగంతోని పోయిండు. కోడలికి తెల్వద్దని గోలీల డబ్బా బియ్యం బస్తాల దాస్తది. లైన్ల మనూరోళ్లు కనవడ్తరని పక్క జిల్లా సెంటర్‌కు పోతది. ఆడ కౌన్సిలర్ మంచిగనే మాట్లాడ్తరట గానీ, గోలీలు తప్పకుండ ఏస్కుంటున్నవా అని అడిగేసరికే ఎన్క లైన్ పెరుగుతది.

అమెరికాల 50 ఏండ్లు దాటి, మనాది పట్టిన హెచ్‌ఐవీ మనుషులను ఫోన్‌లనే గుంపులుగ కలిపి వారానికోపారి మాట్లాడించిండ్రు. ఒక తీరు గుంపులకు కష్టం తట్టుకునే ఉపాయాలు నేర్పిండ్రు. ఇంకో తీరు గుంపులల్ల కడుపుల ఉన్నది ఒకలకొకలు చెప్పుకోనిచ్చిండ్రు. చెప్పుకున్నోళ్లకే మనాది ఎక్కువ తగ్గింది. ఉపన్యాసాలు దంచే నాలాంటోళ్లకు గిది సురకే.

మన దిక్కు ఫోన్ మనుమని చేతుల ఉంటది, మాట్లాడితే ఇంట్ల అందరికీ ఇనవడ్తది. అందుకే గోలీలకొచ్చిన దినమే, ఇష్టమున్న పెద్దోళ్లను ఓ అర్రల గంటసేపు కూసోవెట్టాలె. 2017 చట్టం ఒకల రోగం ముచ్చట ఒప్పుకోకుండ బయటపెట్టద్దన్నది. మూగగ ఉండుమనలే.

వచ్చే నెల పెద్దమ్మ ఎంబడి నేను గూడ సెంటర్‌కు పోతున్న, అర్ర అడిగెటందుకు.