ఆపత్కాలమున రాష్ట్రములకు స్వేచ్ఛ

సంపాదక మహాశయా,

కేంద్రనిధుల వినియోగమున రాష్ట్రములకు స్వేచ్ఛనొసగినచో దుర్వ్యయమే మిగులునని మీ పత్రికలో ఒక పాఠక మహాశయులు వెలిబుచ్చిన యభిప్రాయముతో నేనేకీభవింపజాలను. 2020 మే నెలలో, కరోనా వలన రాబడి కుంగినవేళ, రాష్ట్రముల ఋణపరిమితిని స్థూలోత్పత్తిలో 3 నుండి 5 శాతమునకు పెంచుచు కేంద్రము చేసిన ప్రకటనలో నిర్నిబంధముగా లభించినది అర శాతమే. తక్కినదంతయు రేషను, విద్యుత్తు, పురపాలన, వ్యాపార సౌలభ్య సంస్కరణలతో ముడిపడియుండెను. అప్పు తీర్చవలసినది రాష్ట్రమే కదా, షరతు మాత్రము ఢిల్లీదా?

2016 నుండి కేంద్రప్రాయోజిత పథకములలో నాల్గవవంతు వెసులుబాటు నిధిగా నున్నను, అదియు ఆయా పథకముల లక్ష్యములకు లోబడియే వెచ్చింపవలెను. కూలి దొరకని నెలలో చెరువుపని ముందా, బాట ముందా యన్నది మా పద్మనాభము వంటి గ్రామీణ మండలముల వారికే బాగుగా తెలియును. కావున మాంద్యకాలమున ఆ భాగమును సగమునకు పెంచి, ఆ లోబాటును సడలింపవలెనని నా మనవి. లెక్కల తనిఖీకి కాగ్ ఉండనే యున్నది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పద్మనాభము, విశాఖపట్టణము జిల్లా