బంగళా కాలిపోయింది, తోటను మట్టి మింగుతోంది

ఇంగ్లండ్‌లోని ఉత్తర యార్క్‌షైర్‌లో స్టడ్లీ రాయల్ అనే పాత జమీందారీ తోట ఉంది. బంగళా మాత్రం 1946లో కాలిపోయింది. కొలనులు, గుళ్లను పోలిన చిన్న మంటపాలు, విగ్రహాలు మిగిలాయి. పక్కనే ఉన్న ఫౌంటెన్స్ ఆబీ అనే పాత మఠం శిథిలాలతో కలిపి యునెస్కో 1986లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వీటన్నిటిలో ముందుగా కాపాడుకోవలసింది ఏదని అడిగితే, నిశ్చలమైన నీరు అంటాను.

తోట వేసిన జాన్ ఐస్‌లబీ బ్రిటన్ ఆర్థిక మంత్రిగా చేసినవాడు. సౌత్ సీ కంపెనీ కుంభకోణంలో 1721లో పార్లమెంటు నుంచి వెలివేస్తే, ఇంటికొచ్చి అప్పటికే మొదలుపెట్టిన తోట పనిలో మునిగిపోయాడు. తోట కోసం స్కెల్ నది నడకనే మార్చాడు. వంకర్లు తిరిగే ఏరు తిన్నని కాలువైంది. దాని పక్కన గుండ్రటి మూన్ పాండ్, దానికి అటూ ఇటూ నెలవంక కొలనులు. గాలి లేని ఉదయం ఎదుటి మంటపం స్తంభాలు ఆ నీళ్లలో తలకిందులుగా నిలబడతాయి. తోట కట్టిందే ఆ నీడ కోసం.

చిక్కు కూడా అక్కడే ఉంది. బురదనీళ్లు గ్లాసులో పట్టి కదపకుండా పెట్టండి, కాసేపటికి అడుగున మట్టి పేరుకుంటుంది. వడిగా పారే ఏరు మట్టిని మోసుకుపోతుంది, నెమ్మదించిన చోట దింపేస్తుంది. ఐస్‌లబీ నీటిని నెమ్మదింపజేశాడు. ఎగువ పొలాల మట్టి వచ్చి అక్కడే దిగుతోంది. 2007లో వరద తోటనూ ఆబీనీ ముంచెత్తింది. పైగా వాతావరణం వేడెక్కుతోంది. గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, దాంతో వానలు మరింత జోరందుకుంటాయి. కుండపోత వానలు పెరిగేకొద్దీ కొట్టుకొచ్చే మట్టీ పెరుగుతుంది.

పూడిక తీస్తే సరిపోదా? తీయాలి, తీస్తున్నారు కూడా. కానీ పైనుంచి మట్టి ఆగనంతకాలం అది తీరని ఖర్చే. 1983 నుంచి తోటను చూసుకుంటున్న నేషనల్ ట్రస్ట్ ఎగువ రైతులతో కలిసి చెట్లు, కంచెపొదలు నాటించింది, వాన నీరు ఆగే కుంటలు తవ్వించింది. దారి సరైనదే. అయితే చెట్టు వేరూనడానికి ఏళ్లు పడుతుంది, వరదకు ఒక్క రాత్రి చాలు.

విగ్రహం విరిగితే అందరికీ కనిపిస్తుంది. కొలను అడుగు లేస్తుంటే ఎవరికీ కనిపించదు. అందుకే ఈ తోట పేరిట ఖర్చుపెట్టే డబ్బులో మొదటి వాటా తోట గోడలకు కాదు, ఎగువ పొలాల గట్లకు వెళ్లాలి.