కిలోమీటరు లెక్కలో కరెంటు బస్సు

ఆర్టీసీ రంగు వేసుకుని, ఆర్టీసీ డిపోలోనే నిలిచి ఉన్నా కరెంటు బస్సు చాలావరకు ఆర్టీసీది కాదు. బస్సు, డ్రైవరు, మరమ్మతు కంపెనీవి. రూటు, కండక్టరు, టికెట్టు డబ్బు ఆర్టీసీ సంస్థవి. తిరిగిన ప్రతి కిలోమీటరుకూ ఇంత అని పది, పన్నెండేళ్లకు సరిపడా ముందే ఒప్పందం రాసుకుంటారు. టెండరు కాగితాల్లో దీని పేరు గ్రాస్ కాస్ట్ కాంట్రాక్టు. అద్దె బస్సులను దశాబ్దాలుగా నడుపుతున్న ఆర్టీసీలకు ఈ పద్ధతి పూర్తిగా కొత్తదేమీ కాదు. అయితే అద్దె బస్సు యజమాని ఒకటి రెండు బండ్లున్న చిన్న మనిషి. అతను మానుకుంటే ఇంకొకరు దొరుకుతారు. కరెంటు బస్సుల్లో ఒక్కో కంపెనీ చేతిలో వందల బండ్లుంటాయి, కొన్నిచోట్ల డిపో మొత్తం ఉంటుంది. ప్రజాధనం వినియోగంలో తలెత్తే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

కేంద్రం మొదట డబ్బును బస్సు ధరకు ముడిపెట్టింది. అన్ని రకాల కరెంటు వాహనాలకు రాయితీ ఇచ్చే ఫేమ్ పథకంలో, 2019 ఏప్రిల్‌లో మొదలైన రెండో దశకు రూ.10,000 కోట్లు కేటాయించి, 7,090 బస్సులను లక్ష్యంగా పెట్టుకుంది. బ్యాటరీ సామర్థ్యంలో కిలోవాట్ అవర్‌కు రూ.20,000 చొప్పున, 12 మీటర్ల బస్సుకు గరిష్ఠంగా రూ.55 లక్షల రాయితీ ఇచ్చింది. బ్యాటరీ ఎంత పెద్దదైతే, పరిమితి దాటనంత వరకు, రాయితీ అంత పెరుగుతుంది. రోజుకు 150 కిలోమీటర్లు తిరిగే నగర బస్సుకు అంత బరువైన బ్యాటరీ అవసరమా అని అడిగే పని ఆ లెక్కలో ఎవరిదీ కాలేదు. తరువాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో రూ.4,391 కోట్లతో తొమ్మిది మహానగరాలకు 14,028 బస్సులు అన్నారు. సగటున బస్సుకు 31 లక్షల చిల్లర. రాయితీ తగ్గుతూ వచ్చింది, అది సబబే. కానీ ఈ పథకంలోనూ పొద్దున లేస్తే చెప్పే లెక్క బస్సుల సంఖ్యే.

మధ్యలో వచ్చిన పీఎం ఈ-బస్ సేవ దారి వేరు. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకం కింద 10,000 బస్సులు వస్తాయి. 3 లక్షల నుంచి 40 లక్షల జనాభా ఉన్న నగరాలకే ఇది వర్తిస్తుంది కాబట్టి హైదరాబాద్‌కు చోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌కు 750 బస్సులు దక్కాయి. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు రూ.24 చొప్పున పదేళ్లు కేంద్రం ఇస్తుంది. రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే పదేళ్లలో ఒక్క బస్సుకు రూ.1.75 కోట్లు దాటుతుంది. ఉదారంగా కనిపించే ఈ పథకం మొత్తం అంచనా రూ.57,613 కోట్లు. అందులో కేంద్రం వాటా రూ.20,000 కోట్లు. మిగిలిన 37,613 కోట్లు రాష్ట్రాలు, నగరాలు, టికెట్టు కొనే ప్రయాణికులు భరించాలి. ప్రారంభోత్సవం నాటి పత్రికా ప్రకటనల్లో మొదటి అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది, మూడోది వెతుక్కోవాలి.

ధర విషయానికొస్తే, 2022లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ సీఈఎస్‌ఎల్ బెంగళూరు, ఢిల్లీ, సూరత్, హైదరాబాద్, కోల్‌కతాలకు కలిపి 5,450 బస్సులకు టెండరు పిలిచింది. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు రూ.43.49, 9 మీటర్ల బస్సుకు రూ.39.21 ధర పలికింది. డీజిల్ కంటే ఎంతో చౌక అని అప్పట్లో చెప్పుకున్నారు. ఇంధనం వరకు చూస్తే అది నిజమే. లీటరుకు అయిదు కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ బస్సుకు కిలోమీటరుకు 19 రూపాయల దాకా పోతుంది. కిలోమీటరుకు ఒకటింబావు యూనిట్లు తినే కరెంటు బస్సుకు ఎనిమిది, తొమ్మిది రూపాయలు చాలు. అయితే ఆర్టీసీ చెల్లించేది ఇంధనం ఖర్చు కాదు, ఒప్పందపు రేటు. ఆ రేటులో కరెంటు ఛార్జీ కలిసి ఉందా, సంస్థే విడిగా కట్టాలా అన్నది ఒప్పందాన్ని బట్టి మారుతుంది. కండక్టరు జీతం విడిగా ఉంటుంది. డిపో స్థలం కంపెనీకి నామమాత్రపు అద్దెకో ఉచితంగానో వెళ్తుంది. ఇవన్నీ కూడకుండా రెండు బస్సుల కిలోమీటరు ఖర్చులను పక్కపక్కన పెట్టడం చిక్కుడుకాయను, గోరుచిక్కుడును ఒకే తూకంలో వేయడమే.

అసలు నష్టం ఎక్కువగా పుట్టేది ఖచ్చిత కిలోమీటర్ల నిబంధన దగ్గర. రోజుకు ఇన్ని కిలోమీటర్లు తిప్పుతామని సంస్థ హామీ ఇస్తుంది. తిప్పలేకపోతే, తిరగని కిలోమీటర్లకూ రేటులో కొంత శాతం చెల్లించాలి. అప్పు తెచ్చి బస్సు కొన్న కంపెనీకి ఆ భరోసా ఉండాల్సిందే, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. కానీ హైదరాబాద్‌లో సాయంత్రం పూట అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా సాగే ట్రాఫిక్‌లో ఏ షెడ్యూలైనా కిలోమీటర్లు కోల్పోతుంది. ఉదాహరణకు రేటు రూ.45, హామీ 200 కిలోమీటర్లు, తిరిగింది 160 అనుకుంటే, మిగిలిన 40కి సగం రేటు లెక్కన రోజుకు రూ.900 ఊరికే పోతుంది. వంద బస్సుల డిపోలో ఏడాదికి అది దాదాపు రూ.3.28 కోట్లు. ఆ డబ్బుకు ఒక్క ప్రయాణికుడూ బస్సెక్కి ఉండడు. డిపో నుంచి మొదటి స్టాపు దాకా, ఛార్జింగు కోసం మళ్లీ డిపోకు ఖాళీగా తిరిగే డెడ్ కిలోమీటర్లు వీటికి అదనం. హామీ నింపడానికి జనం లేని మధ్యాహ్నపు వేళ కరెంటు బస్సును తిప్పి, సంస్థ సొంత డీజిల్ బస్సును షెడ్డులో నిలిపే పరిస్థితీ వస్తుంది. సొంత బస్సు నిలిచినా దాని డ్రైవరుకు జీతం ఇవ్వాల్సిందే కదా.

రూటును బట్టి బస్సును ఎంచుకుంటే ఫలితం ఎలా ఉంటుందో తిరుపతి చూపిస్తుంది. ఏపీఎస్‌ఆర్టీసీ 2022లో అలిపిరి డిపో కేంద్రంగా 100 కరెంటు బస్సులు ప్రవేశపెట్టి, సగం తిరుమల ఘాట్‌కు పెట్టింది. దారి చిన్నది, ఏడాది పొడవునా జనం ఉంటారు, బస్సు మాటిమాటికీ డిపో ముందు నుంచే వెళ్తుంది. దిగేటప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత కరెంటు బ్యాటరీకి తిరిగి చేరుతుంది. డీజిల్ బస్సు అదే దిగువలో బ్రేకులు అరగదీసుకోవడం తప్ప మిగుల్చుకునేదేమీ ఉండదు. అదే డిపో నుంచి నెల్లూరు, కడప, మదనపల్లెలకు వెళ్లే సర్వీసులది వేరే లెక్క. నూరు కిలోమీటర్లు దాటిన దారిలో అవతలి కొసన ఛార్జర్ లేకపోతే బస్సు తిరిగి రాలేదు. ఉంటే, నిండేదాకా ప్రయాణికులూ డ్రైవరూ షెడ్యూలూ ఆగాలి. 2019 ఫిబ్రవరిలో కేరళ ఆర్టీసీ తిరువనంతపురం–ఎర్నాకుళం కరెంటు బస్సు మొదటి రోజే చేర్తల దగ్గర ఛార్జింగు అయిపోయి ఆగింది. దారిలో ఏర్పాట్లు లేకుండానే సర్వీసు మొదలుపెట్టారు.

డిపో ఏర్పాట్ల ఖర్చు చాలాకాలం ఎవరి పద్దులోనూ సరిగ్గా పడలేదు. వంద బస్సులు రాత్రి పదకొండు తరువాత ఒక్కసారిగా ఛార్జింగుకు నిలబడితే చిన్న పట్టణమంత కరెంటు కావాలి. హైటెన్షన్ లైను లాగాలి, సబ్‌స్టేషనులో సామర్థ్యం ఉండాలి, డిపో ఆవరణలో ట్రాన్స్‌ఫార్మర్లకు చోటు చూడాలి. టెండరు ఖరారై బస్సులు తయారయ్యాక లైను కోసం నెలల తరబడి ఆగిన డిపోలు దేశంలో తక్కువేమీ కాదు. బస్సు కదలకపోయినా కంపెనీ వడ్డీ ఆగదు, సంస్థ నష్టపరిహారం నోటీసులు రాసుకుంటూ ఉంటుంది. ఈ బరువు చివరికి టికెట్టు మీద పడటం తెలంగాణలో కనిపించింది. 2025 అక్టోబరులో జంటనగరాల ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు రూ.5, ఆపైన రూ.10 చొప్పున టీజీఎస్‌ఆర్టీసీ అదనంగా వేసింది. పది కొత్త డిపోలు, పది ఛార్జింగు కేంద్రాలకు రూ.392 కోట్లు కావాలని కారణం చెప్పింది. పాస్ లేని రోజుకూలీ రోజుకు రెండు ట్రిప్పులు బస్సెక్కితే, దూరాన్ని బట్టి నెలకు రెండున్నర వందల నుంచి అయిదు వందల దాకా అదనం. గాలి శుభ్రపడటం వల్ల లాభం కార్లలో తిరిగేవారితో సహా ఊరందరిదీ అయినప్పుడు, ఖర్చు బస్సెక్కేవాడి దగ్గరే వసూలు చేయడం న్యాయం అనిపించుకోదు.

మరోవైపు, కంపెనీలకు భయం బిల్లుల మీదే. నెల గడిచినా ఆర్టీసీలు డబ్బు ఇవ్వవన్నది వాటి అనుభవం. చెల్లింపులకు భద్రత లేనిదే ఇలాంటి టెండర్లలో పాల్గొనలేమని 2023లో టాటా మోటార్స్ బహిరంగంగానే చెప్పింది. రిస్కు ఎంత ఉంటే రేటు అంత పెంచి కోట్ చేస్తారు, దాన్ని ప్రజాధనమే మోస్తుంది. అందుకే 2024 సెప్టెంబరులో కేంద్రం రూ.3,435 కోట్లతో చెల్లింపుల భద్రతా ఏర్పాటు చేసింది. సంస్థ కట్టకపోతే నిధి నుంచి కంపెనీకి ఇచ్చి, ఆ మొత్తాన్ని రిజర్వు బ్యాంకులోని రాష్ట్ర ఖాతా నుంచి నేరుగా రాబట్టుకుంటారు. దీంతో కంపెనీ బిల్లు రాష్ట్ర ఖజానాలో ముందు వరుసకు వచ్చింది. వెనకపడేవి మిగతా చెల్లింపులు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఉచిత ప్రయాణం అమల్లో ఉంది. వారికిచ్చే జీరో టికెట్ల సొమ్ము ప్రభుత్వం ఆలస్యంగా ఇస్తే సంస్థ సర్దుకుంటుంది, సిబ్బంది పీఎఫ్, పరపతి సంఘం బకాయిలు వెనక్కి జరుగుతాయి. కిలోమీటరు బిల్లు మాత్రం ఆగదు.

డ్రైవర్ల విషయం ఖర్చు పట్టికలో కనిపించదు. కంపెనీ డ్రైవరుకు సంస్థ డ్రైవరు కంటే జీతం తక్కువ. పన్నెండేళ్ల ఒప్పందపు రేటు చౌకగా ఉండటానికి అదీ ఒక కారణం. 2024 డిసెంబరు 9 రాత్రి ముంబైలోని కుర్లాలో నగర బస్సుల సంస్థ ‘బెస్ట్’ అద్దెకు తీసుకున్న 12 మీటర్ల కరెంటు బస్సు జనం మీదికి దూసుకెళ్లి ఏడుగురికి పైగా ప్రాణాలు తీసింది. గేర్లున్న చిన్న బస్సులు నడిపిన డ్రైవరుకు ఈ బండి మీద కొద్ది రోజుల శిక్షణే దొరికిందన్న సంగతి విచారణలో చర్చకు వచ్చింది. క్లచ్ లేని బండి, యాక్సిలరేటరు తాకగానే అందుకునే వేగం, పెద్ద బాడీ: కొన్నాళ్లు పక్కన కూర్చోబెట్టి నేర్పించాల్సిన పని. ఆ శిక్షణకు ఎన్ని గంటలన్నది ఒప్పందంలో రాయకపోతే ఎవరూ ఖర్చుపెట్టరు. కరీంనగర్, నిజామాబాద్, వరంగల్‌లలో డిపోలు కంపెనీల చేతికి వెళ్లినప్పుడు ఆర్టీసీ సంఘాలు లేవనెత్తిన అభ్యంతరాన్ని ఉద్యోగాల గొడవగా కొట్టిపారేయడం తేలిక. పదేళ్ల తరువాత ఆ బస్సు గుట్టు తెలిసిన మెకానిక్ సంస్థలో ఒక్కడూ ఉండడన్న మాట మాత్రం ఉద్యోగాలకు సంబంధించింది కాదు. తదుపరి టెండరులో బేరమాడే శక్తికి సంబంధించింది.

పర్యావరణ లాభం నిజమే, కానీ దాన్నీ లెక్కకట్టాలి. దేశంలో కరెంటు దాదాపు 70 శాతం బొగ్గు నుంచే వస్తోంది, కాబట్టి పొగ కొంతవరకు కోఠి నుంచి రామగుండానికి మారుతుంది. అయినా జనం కిక్కిరిసిన వీధిలో పొగ లేకపోవడం చిన్న విషయమేమీ కాదు. బస్సుల సంఖ్యే తగ్గితే ఆ లాభం నిలవదు. పాత డీజిల్ బస్సు తుక్కుకు పోయి, దాని చోట ఒక కరెంటు బస్సు వస్తే ప్రయాణికుడికి సీటు పెరగదు. స్టాపులో అరగంట నిలబడి విసిగి బైకు కొనుక్కున్నవాడు వదిలే పొగను ఏ రాయితీ పట్టికా పట్టుకోదు. అదే డబ్బుకు ఎన్ని ట్రిప్పులు పెరుగుతాయన్నది టెండరుకు ముందే తేలాలి.

పీఎం ఈ-డ్రైవ్‌లో హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. వాటికి రాసుకునే ఒప్పందాలు ఇప్పటి ప్రభుత్వాల పదవీకాలాన్ని మించి సాగుతాయి. డిపోల వారీగా హామీ ఇచ్చిన కిలోమీటర్లెన్ని, తిరిగినవెన్ని, తిరగనివాటికి చెల్లించిందెంత, ఎక్కిన ప్రయాణికులెందరు అన్న నాలుగు అంకెలను ఏటా శాసనసభ ముందు ఉంచాలి. బిల్లు మంజూరు చేసే డిపో మేనేజరు కంప్యూటరులో ఆ అంకెలు ఇప్పటికే ఉన్నాయి.