చెరువుతో కలిసిన కోట

ఉత్తర జర్మనీలోని ష్వెరీన్ కోటను చూడబోయేవాళ్లు టికెట్ కొనే ముందు తోటలో ఒక గంట నడవాలని నా అభిప్రాయం. సరస్సులోని చిన్న దీవి మీద పాత కోటను కొంత ఉంచి, మిగిలినదంతా 1845-57 మధ్య మెక్లెన్‌బుర్గ్ ప్రభువులు కొత్తగా కట్టించారు. బురుజులు, శిఖరాలు, బంగారు గుమ్మటం ఎంత గొప్పవైనా వాటికి నిండుదనం వచ్చింది చుట్టూ ఉన్న నీటివల్లే. ఆ సంగతి ఎరిగినవాళ్లు కాబట్టే, తోటలు తీర్చిదిద్దడంలో పేరుపొందిన పేటర్ యోసెఫ్ లెన్నేతో నమూనాలు గీయించారు. ఒడ్డున అప్పటికే 18వ శతాబ్దపు తోట ఉంది. దారం పట్టి గీసినట్టు తిన్నని కాలువలు, వరుసగా విగ్రహాలు. ఆ తోటను చెరిపేయకుండానే, మలుపులు తిరిగే బాటలు, చెట్ల గుంపులు, పచ్చికబయళ్లతో కొత్త తోట దానికి జతపడింది.

2024 జులైలో మన ఢిల్లీలో సమావేశమైన ప్రపంచ వారసత్వ కమిటీ ష్వెరీన్‌ను జాబితాలో చేర్చినప్పుడు కోట ఒక్కదాన్నే ఎంచుకోలేదు. రాజనివాస సముదాయంగా 38 అంశాలను కలిపి గుర్తించింది. భవనాలతోపాటు తోటలు, కాలువలు, నగరం నడుమనున్న కుంట కూడా అందులో ఉన్నాయి. ఈ చూపు మనకు పరాయిది కాదు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించి ఊరుకోలేదు, చెరువూ తవ్వించాడు. ఆ చెరువును పక్కనపెడితే రామప్ప కథ సగమే తెలుస్తుంది.

పెరిగే ఊళ్లో ఒక భవనం బాగా కనబడటానికి అంత నేల వదిలేయాలా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ నేల వృథాగా పడి లేదు. అది ఊరి జనం రోజూ నడిచే చోటు, 2009లో జర్మనీ జాతీయ ఉద్యాన ప్రదర్శన జరిగిన చోటు. రాజుల విలాసాన్ని ప్రజల సొమ్ముతో పోషించడమేమిటన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. కానీ 1918లో ప్రభువు గద్దె దిగాక కోట ప్రభుత్వపరమైంది. తర్వాత మ్యూజియం అయింది, తూర్పు జర్మనీ కాలంలో చిన్నపిల్లల టీచర్లకు శిక్షణ కళాశాల అయింది. 1990 నుంచి రాష్ట్ర శాసనసభ అందులోనే కొలువుతీరుతోంది. ప్రజాప్రతినిధులు చర్చించుకునే ఆ గోడల కిందే, నీళ్ల అంచున ఉన్న ప్రభువుల తోటలో ఇవాళ ఎవరైనా టికెట్ లేకుండా నడవవచ్చు.