స్వరమునకును సరియైన కొలత వలయును

మన బుగ్గారము ప్రాంతమున వృద్ధులు పాడెడి కీర్తనలను పిల్లలు ఫోనులలో ముద్రించి దాచుకొనుచుండుట సంతోషకరము. అయినను ముద్రించినంత మాత్రమున స్వరము భద్రమైనదని తలంచుట పొరపాటు.

ఇటీవల మా విద్యార్థి యొకడు పాత వీడియోనుండి ఒక అవ్వ పాటను తీసి, ఎంపీత్రీగా మార్చి వినిపించెను. ఆమె కుమార్తె విని, "మా అమ్మ ఇంత నిమ్మలంగ పాడకపోయేది సారూ" అని కన్నీరు పెట్టుకొనెను. లోపమెక్కడ?

సిరిసిల్ల నేతగాడు అంగుళమునకిన్ని పోగులని లెక్కించునట్లే, యంత్రము సెకనునకిన్ని మారులు శబ్దమును కొలుచును. సీడీకి 44,100 కొలతలు. వీడియోకు సాధారణముగా 48,000. ఆ బాలుడు 48,000 కొలతల శబ్దముపై 44,100 అని వ్రాసెను. అందుచే గంట పాట 65 నిమిషముల 18 సెకనులు సాగును. శ్రుతియు సుమారు ఒకటిన్నర స్వరస్థానము దిగును.

ఎంపీత్రీ 8,000 మొదలు 48,000 వరకు తొమ్మిది కొలతలనే అంగీకరించును. కొన్ని పాత సీడీలలోని 37,800గాని, భద్రపరచుటకు వాడెడి 96,000గాని అందులో నిముడవు. అప్పుడు పైనున్న అంకెను మార్చుట తగదు. పాత కొలతలనుండి క్రొత్త కొలతలను గణించి రాబట్టవలెను. కొలతలు తగ్గించునప్పుడు, క్రొత్త సంఖ్యలో సగమునకు మించిన కంపనములను ముందుగా వడగట్టవలెను. లేనియెడల అవి లేని స్వరములై పాటలో కలియును.

"వినుటకు చాలును గదా, ఇంత శ్రమయేల?" యని కొందరందురు. వినుటకు ఎంపీత్రీ చాలును, నేనును కాదనను. అయితే అది చెవికి అంతగా తెలియని భాగములను విడిచిపెట్టి చిన్నదగును. విడిచినది మరల రాదు. కావున మూలమును దాని కొలతతోనే, ఏమియు విడువని ఫ్లాక్ రూపమున నుంచి, వినుటకు మాత్రము వేరొక ప్రతి చేసికొనుట మేలని నా యభిప్రాయము. మూలమున్నచో తప్పు దిద్దవచ్చును. మా యవ్వ పాటయు అట్లే దిద్దబడెను.

దొంగత్రాసును సామెతల గ్రంథము గర్హించుటను మనమెరుగుదుము. తప్పు అంకె వ్రాసిన ధ్వనియు అట్టి త్రాసే. పాడినవారు గతించిన పిమ్మట వారి పక్షమున సాక్ష్యము చెప్పునది ఆ ముద్రణమొక్కటే. కావున విద్యార్థులారా, స్వరమును దాచునప్పుడు దాని కొలతను గూడ నిజముగా వ్రాసి దాచుడు.